మూత్రంలో మంట – వైరస్‌ల పాత్ర

 

మిరప ఆకు ముడుచుకుంటే మన పర్చూరు రైతు ముందు ఆకు తిప్పి చూస్తాడు. పైకి ముడిస్తే తామర పురుగు, కిందికి ముడిస్తే నల్లి. తెల్లదోమ తెచ్చిన వైరస్ అయితే మొక్కే గిడసబారుతుంది. అన్నీ ముడతలే, మందు మాత్రం ఒకటి కాదు. మూత్రంలో మంట కూడా అంతే.

కాయ కోతలకు వెళ్ళే మా అమ్మకు ఏళ్ళ తరబడి ఈ బాధ ఉండేది. చేలో చాటు లేక ఆపుకునేది, అందుకని నీళ్ళే తాగేది కాదు. "వేడి చేసింది" అని సబ్జా నీళ్ళు, తగ్గకపోతే ఎవరో చెప్పిన యాంటీబయాటిక్ బిళ్ళలు రెండు. ఇంట్లో మొదటి పట్టభద్రులమై మైక్రోబయాలజీ చదివాక గానీ మాకు విషయం అర్థం కాలేదు.

ఈ మంటకు ఎక్కువగా కారణం ఈ-కొలై అనే బ్యాక్టీరియా. మూత్రం కల్చర్ పరీక్షలో అది పెరుగుతుంది. వైరస్ మాత్రం బతికున్న కణాల్లోనే పెరుగుతుంది కనుక ఆ పరీక్షకు దొరకదు, యాంటీబయాటిక్‌కు లొంగదు. అడినోవైరస్ వల్ల పిల్లలకు మూత్రంలో రక్తం పడవచ్చు. అది సాధారణంగా కొద్ది రోజుల్లో దానంతటదే తగ్గుతుంది. 1971లో లండన్‌లో కిడ్నీ మార్పిడి జరిగిన ఒక రోగి మూత్రంలో కనుగొన్న వైరస్‌కు ఆ రోగి పేరులోని పొడి అక్షరాలతో 'బీకే' అని పేరు పెట్టారు. అది చిన్నతనంలోనే చాలామందిలో చేరి నిద్రాణంగా ఉంటుంది. మార్పిడి చికిత్సల తరువాత రోగనిరోధక శక్తి తగ్గినప్పుడు మేల్కొంటుంది.

కల్చర్‌లో ఏమీ రాకపోయినా నొప్పి, మాటిమాటికీ మూత్రం ఆరు వారాలు దాటితే ఇంటర్‌స్టీషియల్ సిస్టైటిస్ కావచ్చు. ఇటువంటి కొందరిలో బీకే వైరస్ కనబడింది. కానీ చేలో కనబడిన ప్రతి పురుగూ తెగులు తెచ్చినది కాదు గదా! వైరసే కారణమని ఇంకా రుజువు కాలేదు.

అమ్మ కల్చర్‌లో ఏమీ పెరగలేదు. "ఏమీ లేదట, అంతా అనుమానమే" అన్నారు ఇంట్లో. క్రిమి దొరకకపోతే జబ్బు లేనట్లు కాదని చెప్పి అమ్మను యూరాలజీ డాక్టరు గారికి చూపించాము. ఇప్పుడు అమ్మ రాత్రిపూట నిద్రపోతోంది.

కనుక సిగ్గుపడి దాచుకోకండి. నీళ్ళు తాగండి, ఆపుకోకండి. బిళ్ళకు ముందు పరీక్ష చేయించండి. రక్తం పడినా, చలిజ్వరం వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో యూరాలజీ విభాగం ఉంది. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మీ అమ్మను కూడా ఒక్కమాట అడగండి.