నాలుగు కుండీల తోట

ప్రశ్న: తెనాలిలో మేడమీద అద్దె వాటా మాది. పడమటి వరండాలో నాలుగు కుండీలు పడితే ఎక్కువ. పుట్టిల్లు బాపట్ల, అక్కడి పెరడే కళ్లలో మెదులుతోంది. ఇంత ఇరుకులో తోట పెంచిన తృప్తి దొరుకుతుందా?

జవాబు: దొరుకుతుందమ్మా. పెరడంతా కుండీల్లోకి దించాలని మాత్రం చూడకండి. ఒక్క మల్లెకు అడుగు వెడల్పు కుండీ ఇవ్వండి. చలికాలం చివర నీళ్లు తగ్గించి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరించండి, చిగురుతోపాటే మొగ్గలొస్తాయి. ఎండ మొహానికి బిళ్లగన్నేరు, గడ్డిగులాబీ చాలు. గులాబీ మీద నాకంత నమ్మకం లేదు, ఆ పడమటెండలో అలిసిపోతుంది.

పుట్టింటి మమకారంతో సూర్యలంక సముద్రతీరపు ఇసుక తెచ్చి కలపకండి, ఉప్పు! రేపల్లె వైపు బోరు నీళ్లు ఉప్పగా ఉండేచోటా ఇదే చిక్కు: ఆకుల అంచులు మాడతాయి. వాననీళ్లు పట్టి పోయండి.

ఇక తృప్తి మాటంటారా, మీ పక్కనే తుమ్మపూడి ఉంది. సంజీవదేవ్ (1914–1999) హిమాలయాల్లో తిరిగి, కులూ లోయలో చిత్రకారుడు రోరిక్ కుటుంబంతో గడిపి, చివరికి ఆ పల్లెలోనే ఉండి బొమ్మలు వేశారు, వ్యాసాలు రాశారు. చూసే కన్నుకు స్థలం కొరత లేదనడానికి ఆయనకన్నా దగ్గరి సాక్షి ఎవరు? అందుకే అయిదో కుండీ కొనకండి, ఆ చోట ఒక స్టూలు వేసుకోండి.