కుక్క కుక్కను కరిస్తే జవాబుదారీ ఎవరిది?

– ఒక పూర్వ విద్యార్థి, న్యాయవాది



వార్షికోత్సవ సంచికకు చట్టం గురించి ఏదైనా రాయమని వార్డెన్ గారు అడిగారు. ప్రాథమిక హక్కుల గురించి రాద్దామనుకున్నాను గానీ అవి మీ సాంఘిక శాస్త్రం పుస్తకంలో ఉన్నాయి, పరీక్ష కోసమైనా చదువుతారు. అందుకని పుస్తకంలో లేని పాఠం ఎంచుకున్నాను. పోయిన ఏడాది పూర్వ విద్యార్థులం కలిసినప్పుడు భోజనాల దగ్గర ఒక తమ్ముడు అడిగాడు. "అన్నా, పక్కింటివాళ్ళ కుక్క మా కుక్క మీద పడి కాలు నమిలేసింది. కేసు పెట్టొచ్చా?" పంక్తిలో అందరూ నవ్వారు. నేనూ నవ్వబోయి ఆగిపోయాను.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా, 1999లో, దసరా సెలవులకు ఇంటికి వెళ్ళాను. మా నాయనమ్మకు ఆరు మేకలు, వాటికి కాపలాగా నల్లడు అనే కుక్క ఉండేవి. ఊళ్ళో ఒక పెద్ద ఇంటివాళ్ళ అల్సేషియన్ గేటు దాటి వచ్చి నల్లడి గొంతు పట్టుకుంది. మూడో రోజు నల్లడు చచ్చిపోయాడు. నాయనమ్మ వాళ్ళ గుమ్మం ముందు నిలబడి అడిగితే, "ఊరకుక్కకు ఖరీదేంటి? వీధినిండా ఉన్నాయి, ఇంకోటి తెచ్చుకో" అన్నారు. నాయనమ్మ మారు మాట్లాడకుండా తిరిగి వచ్చేసింది. ఆ మాట చట్టం ప్రకారం ఎంతవరకు నిజమో లా కాలేజీకి వెళ్ళేదాకా నాకు తెలియలేదు.

ముందుగా ఒక సంగతి. కోర్టులో కుక్క ముద్దాయి కాదు. కుక్క యజమానికి చెందిన ఆస్తి. ఒకరి ఆస్తి ఇంకొకరి ఆస్తికి నష్టం చేసిందనే దృష్టితోనే చట్టం ఈ తగాదాను చూస్తుంది. వినడానికి కటువుగా ఉన్నా, పేదవాడికి ఇందులో ఒక లాభం ఉంది. నల్లడు నాయనమ్మ ఆస్తి. మంచి జాతి కుక్క అయినా నాటు కుక్క అయినా ఆస్తి ఆస్తే.

చాలామంది నేరుగా పోలీస్ స్టేషనుకు పరుగెత్తుతారు. అక్కడ ఏం జరుగుతుందో చూద్దాం. మన దగ్గరున్న జంతువు విషయంలో అజాగ్రత్తగా ఉండడం భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద నేరం. ఆరు నెలల దాకా జైలు, లేదా అయిదు వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. 2024 జులై 1కి ముందు ఇది శిక్షాస్మృతిలో 289వ సెక్షన్, జరిమానా వెయ్యి రూపాయలే. కానీ సెక్షన్ను జాగ్రత్తగా చదవండి. అందులో ఉన్నది మనిషి ప్రాణానికి ప్రమాదం, మనిషికి తీవ్ర గాయం అనే మాటలు. కుక్కకు గాయం అని లేదు. కాబట్టి కుక్కను కుక్క కరిచినంత మాత్రాన ఈ సెక్షన్ అతకదు. ఆ కుక్క పిల్లల మీదికి కూడా వస్తోందని చూపగలిగితే వేరే సంగతి.

ఇక 325వ సెక్షన్. జంతువును చంపినా, విషం పెట్టినా, అవిటిదాన్ని చేసినా అయిదేళ్ళ దాకా జైలు పడవచ్చు. పాత శిక్షాస్మృతిలో 428వ సెక్షన్ పది రూపాయలు, ఆ పైన విలువ చేసే జంతువు అని ఒక లెక్క పెట్టింది. అంటే మా నల్లడు పది రూపాయలు చేస్తాడని కూడా చూపాల్సి వచ్చేది! కొత్త సంహితలో ఆ లెక్క తీసేశారు. ఏ జంతువైనా సరే. అయితే నష్టం చేయాలనే ఉద్దేశం గానీ, నష్టం జరుగుతుందనే ఎరుక గానీ ఉండాలి. "ఉస్కో" అని కుక్కను ఉసిగొల్పినవాడు ఇందులోకి వస్తాడు. గేటు వేయడం మరిచిపోయినవాడు సాధారణంగా రాడు. వినోదం కోసం కుక్కలను కొట్లాటకు దింపడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద విడిగా నేరం.

మరి గేటు మరిచినవాడు తప్పించుకున్నట్టేనా? కాదు. అసలు పాఠం ఇక్కడే ఉంది. జైలు వేరు, నష్టపరిహారం వేరు. పరిహారం కోసం సివిల్ కోర్టులో దావా వేయాలి. దీనికి మన దేశంలో ప్రత్యేక చట్టం లేదు. ఇంగ్లండు కోర్టులు తీర్పుల ద్వారా పెంచిన టార్ట్ సూత్రాలనే మన కోర్టులూ అనుసరిస్తున్నాయి. పులి, ఎలుగుబంటి లాంటివి క్రూర జంతువులు. వాటిని పెంచేవాడు ఏం జరిగినా బాధ్యుడే. కుక్క సాధు జంతువుల జాబితాలో ఉంది. అందుకే దాని విషయంలో కోర్టు ఒక ప్రశ్న అడుగుతుంది. ఈ కుక్కకు ఇలా మీదపడే గుణం ఉందని యజమానికి ముందే తెలుసా? తెలిసీ ఉంచుకుంటే బాధ్యుడే.

దీన్నిబట్టి "మొదటి కాటుకు బాధ్యత లేదు" అనే మాట పుట్టింది. అది సగమే నిజం. ముందు తెలియకపోయినా, మామూలు మనిషి తీసుకునే జాగ్రత్త తీసుకోకపోతే నిర్లక్ష్యం కింద బాధ్యత వస్తుంది. దానికీ హద్దుంది. ఆగివున్న కారులో వదిలిన కుక్క ఎగిరి అద్దం పగలగొడితే, గాజుముక్క దారిన పోయే మనిషి కంట్లో పడి కన్ను పోయింది. 1932లో ఇంగ్లండు హౌస్ ఆఫ్ లార్డ్స్ ఆ కేసులో యజమాని బాధ్యుడు కాడంది. అలా జరుగుతుందని ఎవరూ ఊహించలేరు కదా! కానీ పెద్ద కుక్కను గొలుసు లేకుండా, చిక్కం లేకుండా సందులోకి వదిలితే చిన్న కుక్క మీద పడుతుందని ఊహించడానికి హౌస్ ఆఫ్ లార్డ్స్ అక్కర్లేదు. రెండు కుక్కలూ విప్పి ఉంటే మాత్రం కోర్టు నష్టాన్ని ఇద్దరికీ పంచవచ్చు.

పెద్ద ఇంటివాళ్ళ కుక్క అంతకుముందే రెండు మేకలను కరిచింది, ఆ సంగతి ఊరంతటికీ తెలుసు. కాగితం మీద మాత్రం ఒక్క ముక్క లేదు. అందుకే చెబుతున్నాను, మొదటిసారి జరిగినప్పుడే యజమానికి ఉత్తరం రాయండి. రిజిస్టర్డ్ పోస్టు 2025లో స్పీడ్ పోస్టులో కలిసింది కాబట్టి స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. రెండోసారి జరిగితే "నాకు తెలియదు" అనే మాట ఆయన నోట రాదు. ప్రభుత్వ పశువైద్యశాలలో చూపించి చీటీ, మందుల బిల్లులు, గాయం ఫొటోలు ఉంచుకోండి. కోర్టు ఇచ్చేది కుక్క విలువ, వైద్యం ఖర్చు. మనసు బాధకు లెక్క కట్టడం అరుదు.

విడదీయబోయి మీకు కాటు పడితే కేసు సంగతి తర్వాత, ముందు సబ్బుతో పదిహేను నిమిషాలు నీళ్ళ ధార కింద కడిగి ఆసుపత్రికి వెళ్ళండి. కరవబడిన కుక్కకూ టీకా గురించి డాక్టరును అడగండి. విడదీసేటప్పుడు ఎదుటి కుక్కకు కర్రదెబ్బ తగిలితే భయపడకండి. పెద్ద నష్టం ఆపడానికి దురుద్దేశం లేకుండా చేసిన పని నేరం కాదని 19వ సెక్షన్ చెబుతోంది. మర్నాడు పగతో చేసేది మాత్రం నేరమే. నల్లడు పోయిన రాత్రి మా బాబాయి మాంసంలో ఎండ్రిన్ కలిపాడు. నాయనమ్మ ఆ గిన్నె లాక్కుని గొయ్యి తీసి పాతేసింది. ఆమెకు సెక్షన్లు తెలియవు. తెల్లవారితే మొదట ఎవరింటికి పోలీసులు వస్తారో తెలుసు.

"లాయరుకు డబ్బులెక్కడివి?" అంటారా? 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు, స్త్రీలకు, పిల్లలకు న్యాయసహాయం ఉచితం. ఎస్సీ, ఎస్టీ అయితే ఆదాయం అడగరు. మండల న్యాయసేవల కమిటీలో దరఖాస్తు ఇవ్వండి, లేదా 15100కు ఫోన్ చేయండి. కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో రాజీ కుదుర్చుకోవచ్చు. కోర్టు ఫీజు ఉండదు. అక్కడ ఇచ్చిన అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు.

భోజనాల దగ్గర అడిగిన తమ్ముడు ఆ దారినే వెళ్ళాడు. ఉత్తరం అందిన రోజు పక్కింటాయన కేకలేశాడట. లోక్ అదాలత్‌లో కూర్చున్నాక వైద్యం ఖర్చు ఇవ్వడానికి, గేటుకు గడియ పెట్టించడానికి ఒప్పుకుని సంతకం చేశాడు. కుక్క కాలు ఒకటి తీసేయాల్సి వచ్చింది. మొన్న ఫోన్ చేస్తే తమ్ముడి గొంతు వెనకాల అది మొరుగుతూ వినిపించింది. పక్కింటి కుక్క గొలుసుతో వీధిలోకి వచ్చిందట.