కొండ పొద పిగిలి

విద్యార్థులారా! సండూరు తాలూకా తారానగరము చెంత నారిహళ్ళ జలాశయము కలదు. దారిన పోవువారు దానిని నిలిచి చూచుట యరుదు. ఒక ఆదివారమున సూర్యోదయమునకు ముందే పెద్దలతోఁ గూడి అచ్చటికి పొండు. చప్పుడు చేయక కూర్చుండినచో నీటికాకులు, కొంగలు, లకుముకిపిట్టలు కనఁబడవచ్చును.

పిమ్మట చుట్టునున్న కొండల పొదలవైపు చెవియొగ్గుఁడు. ఊరిలోని పిగిలిపిట్టకు తల నలుపు, తోక క్రింద ఎఱుపు. దాని జాతిలోనే తలయు గొంతుకయు పసుపువన్నెగల పక్షి వేఱొకటి కలదు. దక్షిణభారతమున రాతికొండల పొదలయందే యది బ్రదుకును. దరోజి, హంపి గుట్టలలో కానవచ్చును. నెల్లూరులో వైద్యుఁడుగా నుండిన జెర్డన్ దొర 1845లో దానిని శాస్త్రలోకమునకు తెలిపెను. మనవారు దానిని ‘కొండ పొద పిగిలి’ యనుటను తన గ్రంథమున వ్రాసెను.

ఈ పేరే యొక పాఠము. కొండ దాని ఊరు, పొద దాని యిల్లు, పిగిలి దాని కులము. కొండను త్రవ్వి, పొదను నఱికినచో పేరు మిగులును, పిట్ట మిగులదు. ఇప్పటికే యది యపాయస్థితిలోనున్న పక్షులలో లెక్కింపఁబడుచున్నది.

కన్నడమున పిగిలిని ‘పికళార’ యందురు. రెండు పేర్లను నేర్చుకొనుఁడు. ఇరుగుపొరుగు భాషలు ఒకే పిట్టను పిలుచుచున్నవి.

అభ్యాసము: మీ యింట అవ్వతాతల నడిగి, పది పక్షుల తెలుఁగు పేర్లు వ్రాయుఁడు. ఏ పేరు దేనినిబట్టి కలిగెనో తెలుపుఁడు.