పెద్ద బడికి దారి

గాజువాక దగ్గర ఒక ఇల్లు. తండ్రి ఓడరేవులో కలాసీ. తల్లి రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంది. కూతురు బి.ఎస్సీ. ఆఖరి సంవత్సరం చదువుతోంది. ఎం.ఎస్సీ. చదవాలని ఆమె కోరిక.

ఒకరోజు తెలిసిన మనిషి ఒకతను వచ్చాడు.

“అక్కా! పాపకి యూనివర్సిటీలో సీటు నేనిప్పిస్తాను. యాభై వేలు చూసుకో. ఆలస్యం చేస్తే సీటు పోతాది” అన్నాడు.

తల్లికి గుండె ఝల్లుమంది. ఇంట్లో అంత డబ్బు లేదు. చెవుల దిద్దులు, మెడలో గొలుసు ఉన్నాయి. తాకట్టు పెడదామనుకుంది.

“ఆగమ్మా! ముందు యూనివర్సిటీ అంటే ఏటో తెలుసుకో” అంది కూతురు.

యూనివర్సిటీ అంటే ఏమిటి?

యూనివర్సిటీని తెలుగులో విశ్వవిద్యాలయం అంటారు. విశ్వం అంటే ప్రపంచం. విద్యాలయం అంటే చదువుల ఇల్లు. బడి తర్వాత కాలేజీ. ఆ పైన యూనివర్సిటీ. తన కింద ఉన్న కాలేజీలకు ఇది పరీక్షలు పెడుతుంది. పట్టాలు ఇస్తుంది. ఎం.ఏ., ఎం.ఎస్సీ. లాంటి పై చదువులు తన దగ్గరే చెబుతుంది. కొత్త సంగతులు కనిపెట్టే పరిశోధన కూడా ఇక్కడ జరుగుతుంది.

మన విశాఖలో ఉన్నది ఆంధ్ర విశ్వవిద్యాలయం. ఇది 1926లో పుట్టింది. మొదట బెజవాడలో ఉండేది. 1930లో వాల్తేరుకు వచ్చింది. అప్పటికి మన ఓడరేవు ఇంకా తెరవలేదు. రేవు తెరిచింది 1933లో.

కట్టమంచి రామలింగారెడ్డి దీనికి మొదటి వైస్ ఛాన్సలర్. అంటే యూనివర్సిటీని నడిపే పెద్ద. ఆయన తర్వాత సర్వేపల్లి రాధాకృష్ణన్ వచ్చారు. ఆయనే 1962లో రాష్ట్రపతి అయ్యారు. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ యూనివర్సిటీకి పెద్ద విరాళాలు ఇచ్చారు.

1942లో జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. ఆ యుద్ధం రోజుల్లో యూనివర్సిటీ గుంటూరుకు తరలిపోయింది. యుద్ధం అయ్యాక తిరిగి వచ్చింది. 1966లో విశాఖ ఉక్కు కోసం ఉద్యమం జరిగింది. అందులో ఇక్కడి విద్యార్థులు కూడా నిలబడ్డారు.

ఒక తల్లి వెలిగించిన దీపం

సి.ఆర్. రావు లెక్కల్లో మహా మేధావి. ఆయన ఈ యూనివర్సిటీలోనే ఎం.ఏ. చదివారు. చిన్నప్పుడు వాళ్ళ అమ్మ ఆయన్ని రోజూ తెల్లవారుజామున నాలుగు గంటలకు లేపేది. చదువుకోడానికి నూనె దీపం వెలిగించేది. ఆ సంగతి ఆయన పెద్దయ్యాక కూడా మరిచిపోలేదు. 2023లో గణాంక శాస్త్రంలో అంతర్జాతీయ బహుమతి ఆయనకు వచ్చింది. అప్పటికి ఆయనకు నూరేళ్ళు దాటాయి. ఆ ఏడాదే కన్నుమూశారు.

సీటు ఎలా వస్తుంది?

ఇది ప్రభుత్వ యూనివర్సిటీ. ప్రజల డబ్బు ఇందులో ఉంది. సబ్బు కొన్నా మనం పన్ను కడుతున్నాం గదా! కాబట్టి ఇది మనది కూడా.

ఎం.ఏ., ఎం.ఎస్సీ. సీట్లకు 2021 నుంచి రాష్ట్రమంతటికీ ఒకే ప్రవేశ పరీక్ష ఉంది. దాని పేరు పి.జి.సెట్. పరీక్ష రాస్తే ర్యాంకు ఇస్తారు. ర్యాంకును బట్టి, రిజర్వేషన్లను బట్టి సీటు ఇస్తారు. ఇంటర్ అయ్యాక ఇంజనీరింగ్ చదవాలంటే ఇంకో పరీక్ష ఉంది. లా చదువుకు వేరే పరీక్ష ఉంది.

మార్కుల కాగితాలు, కుల పత్రం, ఆదాయ పత్రం ముందే సిద్ధం చేసుకోవాలి. బీద పిల్లలు స్కాలర్‌షిప్పు అడగవచ్చు. కొన్ని సీట్లకు ఫీజు ఎక్కువ ఉంటుంది. ఏ ఫీజు కట్టినా రసీదు తీసుకోవాలి. రోజూ కాలేజీకి వెళ్ళలేని వాళ్ళకు దూరవిద్య ఉంది. పని చేసుకుంటూనే చదవవచ్చు.

రసీదు ఇస్తావా?

కూతురు నెట్ సెంటర్ నుంచి పరీక్ష ప్రకటన కాగితం తెచ్చింది. తల్లి వేలు పెట్టి కూడబలుక్కుని చదివింది. “ర్యాం... కు. ర్యాంకు.” ఆ మాట కాగితంలో చాలాచోట్ల ఉంది.

మర్నాడు ఆ మనిషి మళ్ళీ వచ్చాడు.

“బాబూ! ర్యాంకు వస్తే సీటు వస్తాదని కాయితంలో రాసుంది. రాకపోతే రాదు. మరి నీ యాభై వేలు దేనికి?” అని తల్లి అడిగింది.

“అదంతా నేను చూసుకుంటాను గదా అక్కా!”

“అయితే రసీదు రాసివ్వు. నేను చదువుకుంటాను.”

అతను మాట్లాడకుండా లేచి వెళ్ళిపోయాడు.

పరీక్ష ఇంకా నెల రోజులుంది. ర్యాంకు వస్తుందో రాదో ఎవరూ చెప్పలేరు. కానీ గొలుసు మెడలోనే ఉంది. రోజూ నాలుగు గంటలకే ఆ ఇంట్లో లైటు వెలుగుతోంది. కూతురు చదువుతోంది. పక్కనే తల్లి కూడా పుస్తకం తెరిచి కూర్చుంటోంది.

కొత్త మాటలు

ప్రవేశ పరీక్ష – సీటు కోసం రాసే పరీక్ష
పరిశోధన – కొత్త సంగతులు వెతికి తెలుసుకోవడం
దూరవిద్య – ఇంటి దగ్గర ఉండి చదివే చదువు

జవాబులు చెప్పండి

1. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏ సంవత్సరంలో పుట్టింది?
2. తల్లి రసీదు ఎందుకు అడిగింది?
3. మీ వీధిలో డిగ్రీ చదివే పిల్లలున్నారా? వాళ్ళకు మీరేం చెబుతారు?