నీట మునిగిన ఊళ్లు - స్థావర జంగమ విచారము

ఇల్లు మారునప్పుడు మనుష్యుడు పాత్రసామగ్రిని మోసికొనిపోవును, గడపను మోసికొనిపోజాలడు. కదలనిది స్థావరము, కదలునది జంగమము అని పెద్దలు చెప్పిన భేదము, శ్రీశైల జలాశయము నిండిన 1981వ సంవత్సరమున కృష్ణాతీరవాసులకు గ్రంథములలోని మాటగా మిగులలేదు. కర్నూలు, మహబూబ్‌నగరు సీమలలో సుమారు నూరు గ్రామములు నీటికి చోటిచ్చినవి. వేలాది కుటుంబములు మెట్టకు తరలిపోయినవి.

కృష్ణా తుంగభద్రలు కలియుచోట కూడవెల్లి యను గ్రామమున చాళుక్యులనాటి సంగమేశ్వరాలయము ఉండెడిది. పురావస్తు శాఖవారు దానిని రాయి వెంట రాయిగా విప్పి, అలంపురమునకు చేర్చి, మరల నిలిపిరి. పాపనాశనమునందలి ఇరువదికి పైగా గుళ్లకును ఇట్లే స్థానచలనము కలిగెను. ఘనమైన కార్యమే, సందేహము లేదు. అయితే ఊరివారి గోడలను అట్లు విప్పి కూర్చినవారు లేరు. పెద్దలు తగవులు తీర్చిన రచ్చబండ, కోడళ్లు కష్టసుఖములు చెప్పుకొనిన బావిగట్టు, తాతల సమాధులున్న చేని గట్టు - ఇవి పరిహారపు పట్టికలకెక్కునవి కావు. ఇంటికి వెల కట్టవచ్చును, ఇరుగుపొరుగునకు ఎట్లు కట్టుదురు?

ఇష్టలింగధారికి దేవుని చోటు తన యరచేతనే యున్నది, ఊరు మునిగిన నేమి యనువారు కలరు. ఒడ్డున నున్నవారికి ఆ మాట సులభము. బసవేశ్వరుడు బాగేవాడి విడిచి కూడలసంగమమునకు, అచ్చటినుండి మంగళవాడకు, పిదప కల్యాణమునకు పోయెను. జంగమమును అంతగా కొనియాడిన ఆ మహనీయుడే తుదకు తాను పెరిగిన సంగమమునకు తిరిగివచ్చి లింగైక్యము నొందెనని సంప్రదాయము. నారాయణపురపు ఆనకట్ట నీరు ఆ ఐక్యస్థలమును చుట్టుముట్టినప్పుడు శరణులు దానిని వదలుకొనలేదు, తరలింపనూ లేదు. చుట్టును ఎత్తైన గోడ కట్టిరి. నేడు యాత్రికులు వంతెన మీదుగా పోయి, బావిలోనికి దిగినట్లు మెట్లు దిగి, నీటిమట్టమునకు దిగువన దర్శనము చేయుదురు.

ఆ కృష్ణయే దిగువకు వచ్చి భవనాశితో కలియుచోట, నేటి నంద్యాల జిల్లాలో, మరియొక సంగమేశ్వరుడు కలడు. ఏడు నదుల కూడలి యని ఆ చోటికి ప్రసిద్ధి. ఇచ్చటి లింగము వేపకొయ్యతో చేయబడినదనియు, ధర్మరాజు ప్రతిష్ఠించెననియు స్థలపురాణము. 1981లో మునిగిన ఈ గుడి 2003లో గాని మరల వెలికి రాలేదు. అంతకాలము నీటనున్నను కొయ్య చెడలేదు. నాటినుండి జలాశయము 840 అడుగుల దరిదాపులకు దిగిన వేసవులలో గుడి బయటపడును. ఒండ్రు తొలగించి, కడిగి, దీపము పెట్టుదురు. చుట్టుప్రక్కల పల్లెలవారు పిల్లలను వెంటబెట్టుకొని వత్తురు. ఎగువ వానలకు నీరు గర్భాలయమును తాకువరకు పూజ సాగును. నీరు ఇంకను పెరిగినచో అర్చకుడు పడవ మీద పోయి, పైకి కనబడుచున్న శిఖరమునకే హారతి యిచ్చును.