ఖాళీ వేరు, సున్నా వేరు: టెర్మినల్‌లో వాన లెక్కలు

ఈ వ్యాసం కమాండ్ లైన్ గురించి. కానీ మా తాత దగ్గర మొదలుపెట్టాలి.

మా ఊరు నార్పల వైపు. కొంచెం చీనీ తోట, మిగతాదంతా వానని నమ్ముకుని వేసే శెనక్కాయ. పోయిన సెమిస్టర్ మినీ ప్రాజెక్ట్‌కి 2021 ఖరీఫ్‌లో ఉమ్మడి అనంతపురం జిల్లా మండలాల వర్షపాతం తీసుకుని చార్టులు గీశా. సెలవుల్లో మా మండలం చార్ట్ తాతకి చూపించా. జులై 8 నుంచి 21 వరకు గీత నేలకి అంటుకుని ఉంది. అంటే సున్నా.

తాత కళ్లద్దాలు సర్దుకుని చూసి, "ఏం పాపా, ఆ పునర్వసు వానకే గదా మనం ఇత్తనం ఏసింది! నీ కంప్యూటర్లో ఆ వాన యాడికి పాయ?" అన్నాడు. పాత క్యాలెండర్ తీసి చూపించాడు. వాన పడిన రోజు తేదీ పక్కన పెన్సిల్‌తో "పదును" అని రాసుకోవడం ఆయనకి అలవాటు. ఆ రెండు వారాల్లో అలాంటివి రెండు ఉన్నాయి.

హాస్టల్‌కి వచ్చి అసలు ఫైల్ తెరిచా. ఆ పద్నాలుగు రోజుల గడుల్లో సున్నా లేదు. అసలు ఏమీ లేదు, ఖాళీ. మూడు నెలల కిందట చార్ట్ సరిగ్గా రావట్లేదని ఎక్సెల్‌లో ఖాళీలన్నిటినీ సున్నా చేసింది నేనే. చేసిన సంగతి కూడా గుర్తులేదు. ఎక్కడా రాసి పెట్టుకోలేదు. ఎక్సెల్ తప్పు చేయలేదు, నేను చెప్పిందే చేసింది. కాకపోతే నేనేం చెప్పానో దాచిపెట్టలేదు.

అందుకే మొత్తం మళ్లీ టెర్మినల్‌లో చేశా. ఆ పద్ధతే ఇక్కడ చెప్తున్నా. (కమాండ్ల పేర్లు తెలుగులో రాస్తున్నా. కొట్టేటప్పుడు ఇంగ్లీష్ అక్షరాల్లోనే కొట్టాలి.)

పైప్ అంటే ఏంటి?

ఒక ప్రోగ్రామ్ అవుట్‌పుట్‌ని ఇంకో ప్రోగ్రామ్‌కి ఇన్‌పుట్‌గా ఇచ్చే నిలువు గీత. ప్రోగ్రామ్‌లని తోటలో నీళ్లు పట్టే పైపు ముక్కల్లా ఒకదానికొకటి బిగించుకోవాలని బెల్ ల్యాబ్స్‌లో డగ్లస్ మెక్‌ఇల్‌రాయ్ 1964లోనే రాశాడు. 1973లో కెన్ థాంప్సన్ దాన్ని యునిక్స్‌లో పెట్టాడు. మన జిల్లా వాళ్లకి ఇది అర్థం కావడానికి డ్రిప్ చూస్తే చాలు. బోరు, ఫిల్టర్, మెయిన్ పైపు, సబ్‌మెయిన్, చెట్టు మొదట్లో చుక్క. ప్రతి ముక్కా ఒక్క పనే చేస్తుంది. చెట్టు ఎండితే ఒక్కో జాయింట్ విప్పి చూసుకుంటూ వెనక్కి పోవచ్చు. నా ఎక్సెల్ ఫైల్‌లో విప్పి చూడటానికి జాయింట్లే లేవు.

1. ముడి ఫైల్‌ని ముట్టుకోవద్దు

మూడు ఫోల్డర్లు పెట్టుకోండి: ముడి, మధ్య, ఫలితం. తెచ్చుకున్న ఫైల్ ముడిలో ఉంటుంది. సీహెచ్‌మాడ్‌తో దానికి రాసే అనుమతి తీసేయండి. తర్వాత ఏం చేసినా కొత్త ఫైల్‌గానే రావాలి.

2. ముందు లెక్కపెట్టండి

ఉమ్మడి జిల్లాలో 63 మండలాలు. జూన్ నుంచి సెప్టెంబర్ వరకు 122 రోజులు. గుణిస్తే 7,686. హెడింగ్ వరుసతో కలిపి 7,687 వరుసలు ఉండాలి. డబ్ల్యూసీకి మైనస్ ఎల్ ఇచ్చి చూడండి. తక్కువొస్తే ఏవో రోజులు మాయమైనట్టు, ఎక్కువొస్తే ఏవో రెండుసార్లు వచ్చినట్టు. నాకు సరిగ్గా 7,687 వచ్చింది. సంబరపడ్డా. కానీ గడి ఖాళీగా ఉన్నా వరుస వరుసే కదా! వరుసలు లెక్కపెడితే ఖాళీలు దొరకవు. దానికి వేరే చెక్ కావాలి.

3. పేర్లు చూడండి

కట్ | సార్ట్ | యునీక్ మైనస్ సీ

మండలం పేర్ల కాలమ్ తీసి, వరుసలో పెట్టి, ఏ పేరు ఎన్నిసార్లు వచ్చిందో చెప్పమంటున్నాం. యునీక్ పక్కపక్కన ఉన్న ఒకేలాంటి వరుసలనే కలుపుతుంది. అందుకే ముందు సార్ట్ తప్పనిసరి. ప్రతి పేరు పక్కనా 122 రావాలి. నాకు 63 పేర్లకి బదులు 66 వచ్చాయి. గుత్తి ఒకచోట, గూటీ ఇంకోచోట. రాయదుర్గం, రాయదుర్గ్ కూడా అంతే. ఇంకో పేరు చివర కంటికి కనపడని స్పేస్. వీటిని సెడ్‌తో సరిచేశా. ఆ మార్పులన్నీ ఒక ఫైల్‌లో రాసి ఉన్నాయి కాబట్టి ఏం మార్చానో ఎవరైనా చదువుకోవచ్చు.

2021 తర్వాతి ఏళ్లు కూడా కలుపుతుంటే ఇంకో జాగ్రత్త. 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా విడిపోయింది. జిల్లా పేరుతో వెతికితే ఆ మండలాలు జారిపోతాయి. మండలం పేరుతోనే వెతకాలి.

4. ఖాళీని ఖాళీగానే ఉంచండి

అసలు ప్రమాదం ఇక్కడుంది. ఆక్ చాలా మంచి టూల్. కానీ ఖాళీ గడిని కూడికలో పెడితే ఎర్రర్ ఇవ్వకుండా సున్నా అనుకుంటుంది. ఎక్సెల్‌లో నేను చేసిన తప్పే ఇక్కడ తనంతట తానే జరుగుతుంది. కాబట్టి కూడే ముందు గడి ఖాళీగా ఉందా అని అడగండి. ఉంటే ఆ రోజుని "నమోదు లేదు" అని వేరే ఫైల్‌లోకి పంపండి. వారం మొత్తం పక్కన ఎన్ని రోజుల లెక్క ఉందో కూడా రాయండి.

ఇంత పట్టింపు ఎందుకంటే, దేశంలో కరువుని నిర్ణయించే 2016 మాన్యువల్‌లో వర్షాభావ కాలం అంటే వరుసగా మూడు నాలుగు వారాలు సాధారణంలో సగం కంటే తక్కువ వాన. ఖాళీని సున్నా చేస్తే లేని ఎండకాలం పుడుతుంది. ఖాళీలో సగటు నింపితే నిజంగా ఎండిన వారం మాయమవుతుంది. రెండూ అబద్ధాలే. నా మినీ ప్రాజెక్ట్‌లో పోయేది మార్కులే. కానీ వేరే చోట ఇలాంటి అంకెల మీద కరువు మండలాల జాబితాలు, పంట బీమా లెక్కలు నడుస్తాయి.

5. తేదీ ఎవరిది?

ఆగస్టులో తాత క్యాలెండర్‌కీ ఫైల్‌కీ ప్రతి వానకీ ఒక రోజు తేడా. ఇది మాత్రం తప్పు కాదు. వాతావరణ శాఖ పద్ధతిలో ఉదయం 8:30కి, అంతకుముందు 24 గంటల వాన కొలిచి ఆ రోజు తేదీ వేస్తారు. ఈ సాయంత్రం పడిన వాన రేపటి లెక్కలోకి వెళ్తుంది. తాత మాత్రం తడిసిన రోజే రాసుకుంటాడు.

6. మేక్, గిట్, పైప్‌ఫెయిల్

ఇన్ని మెట్లు ప్రతిసారీ చేత్తో కొడితే మళ్లీ మర్చిపోతాం. 1976లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ రాసిన మేక్ ఇందుకే. ఏ ఫైల్ దేని మీద ఆధారపడిందో మేక్‌ఫైల్‌లో రాస్తాం. ఏది మారితే దాని మీద ఆధారపడ్డవే మళ్లీ తయారవుతాయి. కమాండ్ వరుస ముందు స్పేస్‌లు కాదు, ట్యాబ్ కొట్టాలి (నాకు ఒక రాత్రంతా పోయింది). మేక్‌ఫైల్‌నీ సెడ్ మార్పుల ఫైల్‌నీ గిట్‌లో పెట్టండి.

ఇంకొకటి. మామూలుగా బాష్ పైప్‌లో చివరి కమాండ్ సక్సెస్ అయిందా అనే చూస్తుంది. మధ్యలో ఏది ఫెయిలైనా అంతా బాగానే ఉందంటుంది. డ్రిప్ ఫిల్టర్ మూసుకుపోయినా మోటార్ తిరుగుతూనే ఉన్నట్టు. స్క్రిప్ట్ మొదట్లో పైప్‌ఫెయిల్ ఆప్షన్ సెట్ చేస్తే ఆ సంగతి బయటపడుతుంది.

ఇప్పుడు నా చార్ట్‌లో జులై 8 నుంచి 21 వరకు గీత తెగిపోయి ఉంటుంది. అక్కడ వాన ఎంతో నేను రాయలేదు. తాత "పదును"కి మిల్లీమీటర్ల లెక్క లేదు, ఉందని నటించలేను. కింద చిన్న అక్షరాల్లో ఇలా పెట్టా: "ఈ రోజుల్లో నమోదు లేదు. ఊళ్లో రెండు పదున్ల వాన పడినట్టు ఒక రైతు క్యాలెండర్‌లో ఉంది."

తాతకి ఫోన్‌లో పంపిస్తే చాలాసేపు చూసి, "ఆ రైతు పేరు రాయలేదేం?" అని అడిగాడు.

మీరూ మీ మండలంతో మొదలుపెట్టండి. ముందు వరుసలు లెక్కపెట్టండి, తర్వాత ఖాళీలు. ఆ తర్వాత ఇంట్లో పెద్దవాళ్లకి చూపించండి.