గోడ విడిచి నడిచే కణాలు

ఆటలో పడి మోకాలు గీరుకుపోతే ఏం జరుగుతుందో మీకు తెలుసు. రక్తం గడ్డకడుతుంది, పక్కు కడుతుంది, కొన్నాళ్లకు పక్కు రాలి కింద కొత్త చర్మం కనిపిస్తుంది. ఆ కొత్త చర్మం ఎక్కడి నుంచి వచ్చింది? గాయం అంచున ఉన్న చర్మకణాలు తమ పట్టు సడలించుకుని, ముందుకు పాకి, ఖాళీని పూడ్చాయి. పని పూర్తికాగానే మళ్లీ ఒకదాన్నొకటి పట్టుకుని కదలకుండా నిలిచాయి.

మన ప్రాణాన్ని కాపాడే ఈ నేర్పే వేళకాని వేళ మేలుకుంటే ప్రాణాంతకం కాగలదు. అదెలాగో చూద్దాం.

రెండు రకాల కణాలు

చర్మం, పేగుల లోపలి పొర, మూత్రపిండాల్లోని సన్నని నాళికలు - వీటన్నిటినీ కప్పివుంచేవి ఎపిథీలియల్ కణాలు. ఇవి గోడలోని ఇటుకల్లా ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. ఇటుకల మధ్య సిమెంటు ఉన్నట్టే, వీటి మధ్య ఈ-కాడ్హెరిన్ అనే ప్రోటీన్ ఉంటుంది. గోడకు పునాదిలా అడుగున ఆధారత్వచం అనే పలుచని పొర ఉంటుంది.

మీసెంకైమల్ కణాలు ఇందుకు పూర్తిగా భిన్నమైనవి. పొడవుగా సాగి, విడివిడిగా ఉండి, పాకుతూ పోగలవు. కొల్లాజెన్ వంటి నారపోగులను తయారుచేయడం వీటి పని.

మొదటి రకం కణం రెండో రకంగా మారడాన్ని ఎపిథీలియల్-మీసెంకైమల్ పరివర్తన అంటారు. క్లుప్తంగా ఇ.ఎం.టి. అమెరికాలో హార్వర్డ్ శాస్త్రవేత్త ఎలిజబెత్ హే, ఆమె సహచరుడు గ్రీన్‌బర్గ్ 1982లో దీన్ని ప్రయోగశాలలో చూపించారు. పక్షి కంటి కటకంలోని ఎపిథీలియల్ కణాలను కొల్లాజెన్ జిగురులో ఉంచితే, అవి పొడవుగా సాగి, పొరను విడిచి బయటికి పాకాయి!

మీట నొక్కేది ఎవరు?

టి.జి.ఎఫ్-బీటా అనే ప్రోటీన్ వంటి సంకేతం కణాన్ని తాకినప్పుడు, కేంద్రకంలో స్నెయిల్, ట్విస్ట్ అనే జన్యువులు మేలుకుంటాయి. ఇవి మొదట పండు ఈగ పిండాలలో దొరికాయి. వీటి ప్రభావంతో ఈ-కాడ్హెరిన్ తయారీ ఆగిపోతుంది. సిమెంటు లేని ఇటుక ఊడిపోక ఏం చేస్తుంది?

తల్లి గర్భంలో పిండం పెరిగేటప్పుడు ఇది తప్పనిసరి. మన ముఖంలోని ఎముకలనూ, చర్మానికి రంగునిచ్చే కణాలనూ ఏర్పరిచే నాడీశిఖర కణాలు ఇలాగే పొర విడిచి తమ చోటికి నడిచి వెళతాయి.

ఉస్మానియా విద్యార్థి పరిశోధన

హైదరాబాదులో తార్నాకను ఆనుకునే 1918లో స్థాపించబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం ఉంది. ఆ విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రం, జన్యుశాస్త్రం చదివిన రఘు కల్లూరి తర్వాత అమెరికా వెళ్లి, మొదట హార్వర్డులోనూ, 2012 నుంచి హ్యూస్టన్‌లోని ఎం.డి. ఆండర్సన్ కాన్సర్ కేంద్రంలోనూ ఇ.ఎం.టి.పై పరిశోధనలు సాగించారు. 2009లో రాబర్ట్ వైన్‌బర్గ్‌తో కలిసి ఆయన ఈ పరివర్తనను మూడు రకాలుగా విభజించి చెప్పారు: పిండంలో జరిగేది, గాయం మానేటప్పుడూ ఫైబ్రోసిస్‌లోనూ జరిగేది, కాన్సర్‌లో జరిగేది.

మానని మచ్చ

గాయం మానాక సంకేతం ఆగిపోవాలి. మూత్రపిండంలో వాపు ఏళ్లతరబడి కొనసాగితే సంకేతం ఆగదు. నారపోగులు పేరుకుని, మెత్తని అవయవం గట్టిపడుతుంది. ఇదే ఫైబ్రోసిస్. నారపోగులు నిండిన చోట రక్తం వడపోత జరగదు.

ఈ నారను తయారుచేసే కణాలు ఎక్కడివి? నాళికల కణాలే మారిపోయి వస్తున్నాయని మొదట చాలామంది భావించారు. కల్లూరి బృందం చుంచెలుకలలో కణాలకు గుర్తులు పెట్టి లెక్క చూసింది. 2013లో తేలినదేమంటే, ఆ కణాలలో సగం అక్కడ ముందునుంచీ ఉన్నవే, నూటికి 35 ఎముకమజ్జ నుంచి, 10 రక్తనాళాల లోపొర నుంచి వచ్చాయి, ఇ.ఎం.టి. ద్వారా వచ్చినవి 5 మాత్రమే.

అయితే ఇ.ఎం.టి.కి ప్రాముఖ్యం లేదా? ఉంది. నాళికల కణాలలో స్నెయిల్ లేదా ట్విస్ట్ జన్యువును తొలగిస్తే ఫైబ్రోసిస్ తగ్గిందని 2015లో అదే బృందం చూపింది. ఆ కణాలు గోడ విడిచి పోనక్కరలేదు. సగం మారి, విభజన ఆపేసి, గోడను బాగుచేయలేక అక్కడే ఉండిపోతాయి. చెడు సంకేతాలను మాత్రం చుట్టూ పంపుతుంటాయి.

ప్రయాణం కట్టిన కాన్సర్

పుట్టిన చోటే ఉన్న కాన్సర్ గడ్డను చాలాసార్లు శస్త్రచికిత్సతో తీసివేయవచ్చు. కాన్సర్ మరణాలలో ఎక్కువ భాగం అది ఇతర అవయవాలకు పాకడం వల్ల కలిగేవే. గడ్డలోని కణం ఇ.ఎం.టి. పొందితే పొరను ఛేదించి, రక్తంలో ప్రవేశించి, దూరాన దిగగలదు. అక్కడ కొత్త గడ్డ కట్టాలంటే మాత్రం చాలాసార్లు మళ్లీ ఎపిథీలియల్ రూపానికి రావాలి!

ఇక్కడా వాదం ముగియలేదు. క్లోమగ్రంథి కాన్సర్ ఉన్న చుంచెలుకలలో స్నెయిల్ లేదా ట్విస్ట్ లేకపోయినా వ్యాప్తి తగ్గలేదని 2015లో కల్లూరి బృందం ప్రకటించింది. కాని గెమ్‌సిటాబిన్ అనే మందు బాగా పనిచేసింది. అంటే ఇ.ఎం.టి. కాన్సర్ కణానికి మందును తట్టుకునే కవచం కూడా అవుతోందన్నమాట. అదే జాతి కాన్సర్‌లో జెబ్1 అనే జన్యువును తొలగిస్తే వ్యాప్తి తగ్గిందని 2017లో జర్మనీ శాస్త్రవేత్తలు చూపారు. మీట ఒకటి కాదు, చాలా ఉన్నాయి.

వెనక్కి తిప్పగలమా?

కల్లూరి బృందం 2003లో బి.ఎం.పి-7 అనే ప్రోటీన్‌ను ఇచ్చినప్పుడు చుంచెలుకల మూత్రపిండాలలో దెబ్బతిన్న నాళికలు బాగుపడ్డాయి. ఎలుకలో జరిగినదంతా మనిషిలో జరగాలని లేదు. పైగా ఈ పరివర్తనను శరీరమంతటా ఆపేస్తే మోకాటి గాయం మానేదెలా? రోగం ఉన్న చోట మాత్రమే ఆపగలగాలి. రేపటి శాస్త్రజ్ఞులైన మీ ముందున్న పని ఇదే.

ఆలోచించండి

1. ఈ-కాడ్హెరిన్ లేని కణం పొరలో ఎందుకు నిలవలేదు?
2. పిండంలో మేలు చేసే ఇ.ఎం.టి. పెద్దవారిలో ఎప్పుడు కీడు చేస్తుంది?
3. కణాలకు గుర్తులు పెట్టకుండా 2013 నాటి లెక్క తేల్చడం సాధ్యమయ్యేదా?